నలుపు పరీక్ష

డండీలో నవంబర్ పొద్దు నాలుగింటికే కుంగిపోతుంది.
టే నది వంతెన మీద దీపాలు వెలిగే వేళకి
మూడో పెట్టె వచ్చింది.
తెచ్చిన గ్రెగర్‌కి నా పేరు పలకడం ఇప్పుడు బాగా వచ్చు.
"మళ్లీ అదేనా, హైమవతీ?"
మళ్లీ అదే.

కర్టెన్లు మూశాను. దీపం ఆర్పాను.
తెర నిండా ఉత్త నలుపు పెట్టుకుని కూర్చున్నాను.
నలుపు నా వృత్తి.
పదమూడేళ్లుగా ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో
ఊపిరితిత్తుల చీకట్లో
ఆవగింజంత తెలుపుని వెతుకుతున్నదాన్ని.
నా ముందు నలుపులా నటించడం కష్టం.

మొదటిది వచ్చిన రాత్రి గుర్తుంది.
ఆటలో ఒక గుహలోకి దిగాను.
వేలితో తాకితే కాటుకలా అంటుకునేంత చీకటి.
దివిటీ నుంచి ఒక్క రవ్వ ఎగిరితే
నా చెంప వెచ్చబడింది, ఒట్టు.
తెల్లారితే డ్యూటీ. అయినా రెండు దాటేదాకా
కత్తి దించేసి, శత్రువుని మరిచిపోయి
గోడల మీద తడి చూస్తూ నిలబడ్డాను.

పదకొండో రోజు
ఎడమ మూల ఒక ఆకుపచ్చ చుక్క.
ఆరదు.
గుహలో వెలుగుతుంది, మంచులో వెలుగుతుంది,
నేను చచ్చిపోయి తెర నల్లబడినా
అది మాత్రం బతికే ఉంటుంది.

ఫోన్ చేశాను.
నలభై ఆరు నిమిషాలు పియానో వినిపించారు.
తర్వాత ఒక అమ్మాయి, మర్యాదగా:
"ఒక్క చుక్కని మేము లోపం అనమండీ. అయిదుండాలి."
"అయితే మిగతా నాలుగూ ఎప్పుడు పంపిస్తారు?"
ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది.
ఆ కంపెనీ నుంచి నాకు లోపం లేకుండా అందిన సరుకు
ఆ నవ్వొక్కటే.

రెండోదానికి చుక్క లేదు.
మూత తెరిస్తే మాత్రం పాత తలుపులా కిర్రుమంది,
స్పేస్ మీట ఒక పక్కకి ఒరిగి
ఫ్యాను నా కెటిల్‌తో పోటీ పడింది.

మా విభాగంలో పొద్దున్నే, మొదటి రోగి రాకముందే
ప్రతి తెరకీ బూడిద గళ్ల బొమ్మ చూపిస్తాం.
రెండు గళ్లు కలిసిపోతే ఆ తెర ఆ రోజు పనికిరాదు.
కింద ఐల్సా సంతకం, పక్కన నాది.
రెండువేల ఆరువందల పౌండ్ల ఈ యంత్రం కింద
ఎవరు పెట్టారు సంతకం?
వెతికి వెతికి చూస్తే నేనే.
ఎదురు డబ్బు కట్టి, చీకట్లో కూర్చుని పనిచేస్తున్న
జీతం లేని ఇన్‌స్పెక్టర్ని.

పెర్త్ రోడ్డులో బోయిడ్ గారి కొట్టుంది.
ఆయన చూపించిన లాప్‌టాప్‌లో గుహ
నీళ్లు కలిపిన కాఫీ రంగులో ఉంది.
"నలుపు కాస్త బూడిదే," అని ఒప్పుకున్నాడు కూడా,
"కానీ పాడైతే నా దగ్గరికే పట్టుకురా.
బుధవారం తప్ప."

ఆ "బుధవారం తప్ప" దగ్గర
చాలాసేపు ఆగిపోయాను.
ఇంత కచ్చితంగా మాటిచ్చిన మనిషి
ఆ నలభై ఆరు నిమిషాల్లో ఒక్కరూ లేరు.

పైన పటారం, లోన లొటారం అని
చేతులు దులుపుకుందామంటే కుదరదే.
ఈ పటారం అబద్ధం కాదు.
ఆ రవ్వ నిజంగా ఎగిరింది, నా చెంప నిజంగా వెచ్చబడింది.
అబద్ధమైతే ఎప్పుడో తేల్చుకునేదాన్ని.

సరే, మూడోది.
నలుపు. ఎడమ మూల, కుడి మూల, మధ్యన.
నలుపే. మూత మెల్లగా మూశాను, తెరిచాను,
కిర్రు లేదు. ఇంకోసారి.
లేదు.

సంతోషించాలి కదా.
ఖాళీ పెట్టెని, లోపలి అట్టముక్కల్ని, టేపు చుట్టని
మంచం కిందికి తోశాను.
వెనక్కి పంపడానికి పద్నాలుగు రోజుల గడువు.

గుహలోకి దిగాను.
ఎక్కడో నీటిచుక్క పడిన చప్పుడు,
దివిటీ వెలిగింది.
కన్ను ముందు
ఎడమ మూలకే పోయింది.